అమ్నీషియా: ద డార్క్ డిసెంట్‌లో బలమేంటి, లోపమేంటి?

2010లో వచ్చిన ఈ హారర్ గేమ్ ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లనూ భయపెడుతుందా అంటే, మొదటి సగం కచ్చితంగా భయపెడుతుంది.

స్వీడన్‌ సంస్థ ఫ్రిక్షనల్ గేమ్స్ తయారుచేసింది. 1839లో, అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలోని ఓ పాత కోటలో, గతం మర్చిపోయిన డేనియల్‌గా మేలుకుంటాం. ఆయుధం ఉండదు. పరుగెత్తాలి, లేదా దాక్కోవాలి. చీకట్లో ఉంటే డేనియల్‌కి మతి చెడుతుంది, లాంతరు వెలిగిస్తే రాక్షసుల కంట పడతాం. పైగా లాంతరులో నూనె అయిపోతూ ఉంటుంది. అసలు టెన్షన్ అంతా ఈ ఇరకాటంలోనే ఉంది.

నీళ్లు నిండిన నేలమాళిగ ఘట్టం చూడండి. అక్కడి జీవి కనిపించదు, నీళ్లలో దాని అడుగుల చప్పుడే వినిపిస్తుంది. పెట్టెల మీద నుంచి పెట్టెల మీదికి దూకుతూ పోవాలి. తలుపు కూడా ఒక్క క్లిక్‌తో తెరుచుకోదు, మౌస్ పట్టుకుని లాగాలి. వెనక తరుముతుంటే అటు లాగాలో ఇటు తోయాలో తోచక నేను రెండుసార్లు చచ్చాను.

లోపం కూడా ఆ చావులోనే ఉంది. చనిపోతే దగ్గర్లోనే మళ్లీ లేస్తాం, ఒక్కోసారి ఆ రాక్షసుడు అక్కడ ఉండడు కూడా. మతి పూర్తిగా చెడినా ప్రాణం పోదని తెలిశాక భయం సగం తగ్గుతుంది. 2018లో చేర్చిన, ఇంకా కష్టమైన హార్డ్ మోడ్‌లో మాత్రం ప్రాణం పోతుంది. పజిల్స్ సాదాసీదాగా ఉంటాయి. కథ ఎక్కువగా డైరీ కాగితాల్లో చదువుకోవాల్సిందే, చివర్లో అది కాస్త విసుగు.