హిచ్ దగ్గర వెల్డింగ్ చీలింది, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: అమెరికాలో రెండేళ్ల క్రితం డీలర్ దగ్గర పాత డీజిల్ మోటర్‌హోమ్ (ఇల్లు లాంటి బండి) కొన్నాం, ఇంజిన్ వెనకుండే రకం. దానికి మా కారు తగిలించి లాగుతుంటాం. మొన్న సర్వీసులో, హిచ్ (కారు తగిలించే కొక్కెం) బిగించిన చోట వెల్డింగ్ చీలిందని మెకానిక్ చూపించాడు. డీలరేమో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) కాగితం మీద సంతకం పెట్టారుగా అంటున్నాడు, ఛాసిస్ కంపెనీ హిచ్ మాది కాదంటోంది, బాడీ కంపెనీ వారంటీ అయిపోయిందంటోంది. ఎవర్ని పట్టుకోవాలి?

జవాబు: ముందు ఆ చీలిక మీద మళ్లీ వెల్డింగ్ చేయించకండి. చేయిస్తే మీకున్న ఒకే ఒక్క సాక్ష్యం పోయినట్టే. కొలత టేపు పక్కన పెట్టి దగ్గరగా ఫొటోలు తీయండి, ముఖ్యంగా చీలిక లోపల. అక్కడ తుప్పు కనిపిస్తే మీరు కొనకముందే మొదలైందని వాదించడానికి దారి దొరుకుతుంది. తర్వాత ముగ్గురికీ ‘వచ్చి చూసుకోండి’ అని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ఫోన్ మాటలు లెక్కలోకి రావు.

ఇక ఎవరు బాధ్యులంటే, ఆ ఇనుము అక్కడ ఎవరు పెట్టారన్నదే అసలు సంగతి. ఈ బండి ఒక్కరు కట్టేది కాదు. ఫ్రైట్‌లైనర్, స్పార్టన్ లాంటి కంపెనీలు ఫ్రేమ్, ఇంజిన్, యాక్సిల్స్‌తో ఛాసిస్ ఇస్తే, దాని మీద ఇల్లు కట్టేది ఇంకొకరు, అదే బాడీ కంపెనీ. మీ రకం బండిలో ఇంజిన్, వెనక చక్రాల యాక్సిల్‌కి అవతల, ఫ్రేమ్‌లోని పొడవాటి ఇనుప దూలాల మధ్య రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. హిచ్ దానికీ వెనక రావాలి కాబట్టి చాలా బళ్లలో బాడీ కంపెనీయే ఆ దూలాలకు పొడిగింపు ముక్కలు బోల్టులతోనో వెల్డింగ్‌తోనో కలిపి, వాటికి హిచ్ బిగిస్తుంది. అలా అయితే ‘మాది కాదు’ అన్న ఛాసిస్ కంపెనీ మాటలో నిజం ఉండొచ్చు. కానీ పాత ఓనరు ఏ షెడ్డులోనో అతికించుకున్నదైతే కేసు తయారీదారు మీద నిలబడదు. ఆ చుట్టూ పెయింట్ తేడా, కాలిన మచ్చలు ఉన్నాయేమో చూడండి.

హిచ్ మీద స్టిక్కర్ కూడా చూడండి, 5,000 పౌండ్లనో 10,000 అనో ఉంటుంది. అయితే బండీ కారూ కలిపిన బరువుకి వేరే పరిమితి ఉంది. అందులోంచి బండి బరువు తీసేస్తే మిగిలేదీ, స్టిక్కర్ మీద ఉన్నదీ, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే కారు బరువుకి మీ హద్దు. బండినీ కారునీ లారీల కాటా మీద తూయించి రసీదు దాచుకోండి. ‘ఎక్కువ బరువు లాగారు’ అన్నదే వాళ్ల మొదటి వాదన.

‘యాజ్ ఈజ్’ మామూలుగా గట్టి కవచమే. అయితే 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, కొన్నప్పుడు గానీ ఆ తర్వాత 90 రోజుల్లోపు గానీ డీలర్ తనే మీతో సర్వీస్ కాంట్రాక్టు (మరమ్మతుల ఒప్పందం) కుదుర్చుకుని ఉంటే, చట్టం దానంతటదే ఇచ్చే వారంటీని ఆ కాగితంతో తీసేయలేడు. కాంట్రాక్టులో ఎదుటి పక్షంగా వేరే కంపెనీ పేరుంటే మాత్రం పేచీ పెడతారు. చాలా రాష్ట్రాల్లో గడువు బండి చేతికి వచ్చిన రోజు నుంచి నాలుగేళ్లు, కాబట్టి మీకింకా టైముంది.

బండి తయారీ నంబరుతో (వీఐఎన్) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బళ్లను వెనక్కి పిలవడం) ఉందేమో వెతకండి. భద్రతా రీకాల్ ఉండి బండికి 15 ఏళ్లు దాటకపోతే ఉచితంగా బాగు చేయాలి. లేకపోతే అక్కడే ఫిర్యాదు పెట్టండి, పైసా ఖర్చు లేదు.

ఈలోగా కారు తగిలించకండి, విడిగా నడుపుకోండి. సేఫ్టీ చైన్లు తగిలించేదీ ఆ హిచ్‌కే, అది ఊడితే అవీ ఊడతాయి. చీలిందని తెలిశాక కూడా లాగి ఎవరికైనా దెబ్బ తగిలితే, ఇప్పుడు మీరు వాళ్లను అడుగుతున్న ప్రశ్నలన్నీ కోర్టులో మిమ్మల్ని అడుగుతారు.