కిసిమ్మీలో వెకేషన్ హోమ్: అతిథి ఇచ్చిన పన్ను మీ డబ్బు కాదు

న్యూజెర్సీలో ఉద్యోగం చేసుకుంటూ ఫ్లోరిడాలోని కిసిమ్మీలో ఇల్లు కొన్నామని, పిల్లల సెలవుల్లో అందులో ఉండి మిగిలిన రోజులు పర్యాటకులకు అద్దెకు ఇవ్వాలనుకుంటున్నామని, దానికి చట్టపరంగానూ పన్నుల పరంగానూ ఏమేమి చేయాలో చెప్పమని మీరు అడిగారు. కిసిమ్మీ ఉన్న ఆసియోలా కౌంటీలోనే నేను ఆరేళ్లుగా అలాంటి ఇంటిని నడుపుతున్నాను. దాని లెక్కలన్నీ ఇప్పుడు నెలకు ఒక గంటలో ముగించగలుగుతున్నాను. అయితే ఆ నేర్పు నాకు మొదటి ఏడాదిలో చాలా ఖరీదుకు వచ్చింది కనుక, ముందు ఆ సంగతే వివరంగా రాస్తాను.

జీతం మీద పన్నును కంపెనీయే మినహాయించి కడుతుంది కాబట్టి, ఈ దేశానికి కొత్తగా వచ్చిన మనవాళ్లు పన్ను అంటే ఏప్రిల్ 15కు ముందు ఒకసారి తలచుకునే విషయమని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పైగా ఫ్లోరిడాలో వ్యక్తుల ఆదాయం మీద రాష్ట్ర పన్ను లేదని విని నిశ్చింతగా ఉన్నాను. అతిథి చెల్లించే అద్దె మీద మరో పన్ను ఉంటుందని, ఆరు నెలలు లేదా అంతకంటే తక్కువ కాలానికి ఇచ్చే ఇంటికి అది తప్పదని, దాన్ని వసూలు చేసి ప్రభుత్వానికి అప్పగించే బాధ్యత ఇంటి యజమానిదేనని నాకు తెలియదు. బుకింగ్ వెబ్‌సైటు ద్వారా వచ్చిన అతిథుల వద్ద ఆ సంస్థే పన్ను తీసుకుంటున్నట్టు రసీదులో కనిపించడంతో, అన్నీ వాళ్లే చూసుకుంటారని ధైర్యంగా ఉండిపోయాను.

కానీ ఆ ఏడాది నా అతిథుల్లో చాలామంది వెబ్‌సైటు నుంచి రాలేదు. మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెడితే, స్నేహితుల స్నేహితులు నేరుగా ఫోన్ చేసి, వెబ్‌సైటు కమిషన్ మిగులుతుందని సంతోషపడి, జెల్ (Zelle) ద్వారా నేరుగా నా బ్యాంకు ఖాతాకు డబ్బు పంపేవారు. అలా క్లీనింగ్ ఫీజుతో కలిపి సుమారు 9,000 డాలర్లు వచ్చాయి. ఆ కౌంటీలో రాష్ట్ర పన్ను 6 శాతం, స్థానిక అదనపు పన్ను (సర్‌టాక్స్) 1.5 శాతం, పర్యాటక పన్ను 6 శాతం కలిపితే 13.5 శాతం అవుతుంది. తప్పనిసరిగా వసూలు చేసే క్లీనింగ్ ఫీజు మీద కూడా అది వర్తిస్తుంది. అంటే 1,215 డాలర్లు నేను అతిథుల దగ్గర తీసుకోవలసి ఉండగా తీసుకోలేదు. ఎప్పుడో వచ్చి వెళ్లినవాళ్లను ఇప్పుడు అడిగే ముఖం లేక, ఆ మొత్తాన్ని జరిమానా, వడ్డీలతో సహా నా జేబులోంచే కట్టాను. అందుకే మీకు మొట్టమొదట చెప్పేది ఇది: ఆ 13.5 శాతాన్ని వచ్చిన రోజే వేరే బ్యాంకు ఖాతాలోకి మార్చండి, దాన్ని మీ ఆదాయంగా ఒక్క పూట కూడా లెక్కవేసుకోకండి. అందులో 7.5 శాతం రాష్ట్ర రెవెన్యూ శాఖకు, 6 శాతం కౌంటీ టాక్స్ కలెక్టరుకు విడివిడిగా వెళుతుంది. మీ వెబ్‌సైటు వీటిలో దేన్ని కడుతుందో, దేన్ని మీకు వదిలేస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

రెండో నష్టం బంధుప్రీతి వల్ల వచ్చింది. డిసెంబరులో మేము 8 రోజులు ఉన్నాము. వేసవిలో మా తమ్ముడి కుటుంబం 9 రోజులు ఉంది. వాళ్ల దగ్గర పూర్తి అద్దె తీసుకున్నా కూడా, ఫెడరల్ ఆదాయపు పన్ను లెక్కల్లో తోబుట్టువుల బస యజమాని సొంత వాడకంగానే లెక్కకు వస్తుంది. ఒక స్నేహితుడికి సగం అద్దెకు ఇచ్చిన 5 రోజులూ అందులోనే కలిశాయి. మొత్తం 22 రోజులయ్యాయి. సొంత వాడకం 14 రోజులనో, సరైన ధరకు అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతునో, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటకూడదు. నేను అద్దెకిచ్చినవి 120 రోజులే కాబట్టి నా హద్దు 14. దాన్ని దాటినందువల్ల, అద్దె ఆదాయాన్ని మించిన ఖర్చులను ఆ ఏడాది చూపుకోవడానికి వీలులేక తర్వాతి ఏళ్లకు మోయవలసి వచ్చింది. మరమ్మతుల కోసమే వెళ్లి రోజంతా పనిచేసిన రోజులు సొంత వాడకం కిందికి రావు. కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఎంతకు ఉన్నారో ఒక పుస్తకంలో రాసి ఉంచండి.

మిగతా నిబంధనలు సులభంగానే దొరుకుతాయి. ఏడాదిలో మూడుసార్లకు మించి 30 రోజులకంటే తక్కువ గడువుకు ఇచ్చేవారికి రాష్ట్ర లైసెన్సు అవసరం. మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) స్వల్పకాలిక అద్దెలను అనుమతిస్తుందో లేదో నిబంధనల పత్రంలో చూసుకోండి. మామూలు ఇంటి బీమా అతిథుల వల్ల కలిగే నష్టానికి పనికొస్తుందని అనుకోవద్దు.

సగటు బస ఏడు రోజులు లేదా అంతకు తక్కువైతే, యజమాని స్వయంగా తగినన్ని గంటలు పనిచేస్తే, ఇంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవచ్చని మీ ఆఫీసులో ఎవరో చెప్పారని రాశారు. చట్టంలో ఆ దారి ఉన్న మాట నిజమే. కానీ మీరు హెచ్1బీ మీద ఉన్నారు. ఇంటి కోసం వందల గంటలు పనిచేశానని పన్ను రిటర్నులో చెప్పేముందు, ఆ మాట మీ వీసాకు ఏమవుతుందో ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. ఆదా అయ్యే నాలుగు డాలర్ల కోసం ఇంత దూరం వచ్చి నిలబెట్టుకున్న ఉద్యోగాన్ని పణంగా పెట్టవద్దు. నేను ఆ దారి పట్టలేదు, అందుకు విచారించనూ లేదు.

మీ మొదటి అతిథి జూన్‌లో దిగుతున్నారని రాశారు కనుక, రాష్ట్రంలోనూ కౌంటీలోనూ నమోదు మేలోనే పూర్తి చేసుకోండి. జూన్ నెల రాష్ట్ర రిటర్ను జూలై 1న కట్టవలసినదవుతుంది, 20 దాటితే ఆలస్యమైనట్టే. అతిథులే లేని నెలలో కూడా సున్నా వేసి రిటర్ను పంపండి, ఎందుకంటే పన్ను ఏమీ లేకపోయినా ఆలస్యానికి కనీస జరిమానా 50 డాలర్లు.