కరెంటు కష్టాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 15 బోర్లున్నాయి, అన్నీ 5 హెచ్‌పీ. లెక్క ప్రకారం సరిపోవాలి. అయినా పొద్దున సప్లయి రాగానే ఫ్యూజులు పోతున్నాయి. పోయిన సీజన్లో ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయింది. ఎందుకిలా?
– ఒక రైతు, కనిగిరి ప్రాంతం

జవాబు: మీ లెక్క సరైనదే. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు లాగుతుంది. పదిహేనింటికీ కలిపి 112 ఆంపియర్లు. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) వైపు ఫేజుకు 133 దాకా ఇవ్వగలదు. చిక్కల్లా సప్లయి రాగానే మోటారును దానంతటదే లేపే ఆటో స్టార్టర్లతోనే. నేరుగా స్టార్టయ్యే మోటారు మొదట దాదాపు ఆరు రెట్లు, అంటే 45 ఆంపియర్లు లాగుతుంది. సప్లయి వచ్చిన క్షణాన పదిహేనూ ఒకేసారి లేస్తే 675 ఆంపియర్లు! వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి లేక మోటార్లు వేగం అందుకోలేవు, అందుకోలేక ఆ ఎక్కువ కరెంటునే లాగుతూ ఉంటాయి. ఫ్యూజు పోవడం న్యాయమే. దాని బదులు రెండు మూడు పోగుల అల్యూమినియం తీగ చుట్టేస్తే ఫ్యూజు నిలుస్తుంది, కాలేది ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట (వైండింగు).

తెలంగాణలో 24 గంటల సప్లయి మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల వెంటపడ్డారు, ముఖ్యంగా బోర్లు ఆగకుండా నడిచి భూగర్భ జలాలు అడుగంటకుండా. మీకు పగలు తొమ్మిది గంటలే కాబట్టి తీయాలంటే మనసొప్పదు. అలాంటప్పుడు స్టార్టర్ డబ్బాలో ఆన్ డిలే టైమర్ పెట్టించండి. మొదటి బోరుకు 10 సెకన్లు, రెండోదానికి 20, ఇలా పెంచుకుంటూ పోతే పదిహేనోది రెండున్నర నిమిషాలకు లేస్తుంది. అందరూ కూర్చుని వరస రాసుకోవాలి. ఇద్దరు మాట తప్పినా ఫర్వాలేదు గానీ పదిమంది తప్పితే మళ్లీ మొదటికే వస్తుంది.

లైన్లో కరెంటు తగ్గేలా ప్రతి మోటారుకూ 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ బిగించండి. స్టార్టర్ తర్వాత, మోటారు టెర్మినళ్లకు సమాంతరంగా ఉండాలి, మోటారు ఆగితే అదీ ఆగిపోవాలి. సరిగా పనిచేస్తుంటే లైన్లో ఆంపియర్ దాకా తగ్గుతుంది. వైరుకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు కెపాసిటర్‌కు ముందున్న వైరు మీద పెడితేనే ఆ తేడా కనిపిస్తుంది. మోటారు వైపు వైరు మీద పెట్టి ‘ఇది దండగ’ అనేవాళ్లు చాలామంది.

ఇంకొక్క మాట. ఫ్యూజు మీరే వేయకండి. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు సప్లయి ఆపే స్విచ్) కిందికి లాగినా మూడు బ్లేడుల్లో ఒకటి విడకుండా ఉండిపోవచ్చు. కింది నుంచి చూస్తే అది తెలియదు. లైన్‌మన్ వచ్చేదాకా ఆగండి.

ప్రశ్న: మా ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఆరు గంటలొస్తుందని అమ్మారు. మూడు ఫ్యాన్లు, ఐదు ఎల్ఈడీ బల్బులు, టీవీ. కొత్తలోనే మూడు గంటలొచ్చేది, రెండేళ్లకు గంటన్నరకు దిగింది.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: కొత్తలో మూడు గంటలు రావడం మామూలే. 150 ఏహెచ్ అంటే సాధారణంగా 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం. మీ పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు, బల్బులన్నీ 45, టీవీ 80 అనుకుంటే 350 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయే నష్టంతో కలిపి బ్యాటరీ నుంచి 34 ఆంపియర్లు లాగుతున్నారు. అంత గట్టిగా లాగితే బ్యాటరీ మొత్తం శక్తి బయటికి రాదు. 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాన్లు వేసుకుంటే లోడు 215కు దిగుతుంది, కొత్త బ్యాటరీ అయితే ఐదు గంటల దాకా లాగుతుంది. రెండో బ్యాటరీ కంటే ఇదే చవక.

గంటన్నరకు దిగడం మాత్రం జబ్బే. మొదట నీళ్లు చూడండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. కుళాయి నీటిలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. యాసిడ్ పోస్తే బలం వస్తుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. పూర్తిగా ఛార్జయ్యాక రెండు మూడు గంటలు ఆగి, యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులూ కొలవండి. అన్నీ 1.240 దరిదాపుల్లో ఉంటే బ్యాటరీ బాగున్నట్టు, లోపం ఇన్వర్టర్లో ఉండొచ్చు. ఒక్కటే మిగతావాటికంటే 0.050 తక్కువ చూపితే ఆ సెల్ పోయినట్టే, బ్యాటరీ మార్చక తప్పదు. అన్నీ సమానంగా 1.180 దగ్గర ఉంటే అది ఛార్జింగ్ చాలని బ్యాటరీ. ఖాళీ అయినదానికి 15 ఆంపియర్లతో పది పన్నెండు గంటలు కావాలి. నాలుగు గంటలు కోత, నాలుగు గంటలు సప్లయి అయితే అది ఎప్పటికీ నిండదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. షాపులో బెంచి మీద పెట్టి నెమ్మదిగా ఛార్జ్ చేయిస్తే కొంత కోలుకోవచ్చు.

ప్రశ్న: 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతోంది!
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: మీది ఆన్‌గ్రిడ్ పద్ధతి, అంటే వీధి లైనుకు కలిపి నడిచేది. లైన్లో సప్లయి పోయిందని గ్రహించగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే మీ ఇంటి కరెంటు లైన్లోకి వెళ్లి స్తంభం మీదున్న మనిషిని కొడుతుంది. కోతల్లోనూ వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలి. కేంద్రం పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టే, బ్యాటరీ ఖర్చు మీదే. రోజుకు రెండు గంటల లోపు కోత అయితే ఆ ఖర్చు దండగని మా అభిప్రాయం.

ప్రశ్న: ఇంత సోలార్ వస్తుంటే సాయంత్రాలే కోతలెందుకు?
– అనంతపురం విద్యార్థి

జవాబు: పొద్దుగూకగానే సోలార్ సున్నా అవుతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో ఏసీలు, లైట్లు వేస్తారు. బొగ్గు ప్లాంటు ఉన్నట్టుండి పుంజుకోలేదు, బాయిలర్ వేడెక్కాలి. నీటి టర్బైన్ అయితే నిమిషాల్లో అందుకుంటుంది. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవసరమైతే అవే పంపులుగా మారి నీటిని తిరిగి పైకి తోడతాయి. పగటి మిగులు కరెంటును సాయంత్రానికి దాచే మార్గాల్లో ఇదొకటి. తోడేదానికి పట్టే ప్రతి నాలుగు యూనిట్లకూ తిరిగి వచ్చేది మూడే. కింద నీళ్లు లేకపోతే అదీ లేదు.

ప్రశ్న: నాలుగు గేదెలున్నాయి. గోబర్ గ్యాస్ పెట్టుకోవచ్చా? మా బంధువుల ఇంట్లో మంట ఎగిరెగిరి పడుతోంది.
– సిద్దిపేట

జవాబు: పెట్టుకోవచ్చు. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీరు కలిపి పోయాలి. గేదెలు ఇంటి దగ్గరే కట్టేసి ఉంటేనే అంత పేడ దొరుకుతుంది, మేతకు వదిలితే చాలదు. చలికాలంలో గ్యాసు తగ్గుతుంది. మీ బంధువుల ఇంట్లో పైపులో నీరు చేరి ఉంటుంది. పైపు వంపు దగ్గర అడుగున ఉన్న నీటి ట్రాప్ విప్పి వంపేయమనండి. ట్రాపే పెట్టకపోతే ఒకటి పెట్టించి, పైపు మొత్తం దాని వైపు వాలేలా మళ్లీ బిగించాలి.