పీపీపీఓఈ లైను తెగితే క్రాన్ స్క్రిప్టు రాయాలా?

లైనక్స్ పెట్టెలో పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ చేసే బ్రాడ్‌బ్యాండ్) కనెక్షన్ రాత్రిపూట తెగిపోయి మళ్లీ రావడం లేదు, నిమిషానికోసారి పింగ్ చేసి, అంటే అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చూసి, రాకపోతే రీస్టార్ట్ చేసే క్రాన్ స్క్రిప్టు (నిర్ణీత వేళకు దానంతటదే నడిచేది) రాయనా అని అడిగారు. వద్దండీ. అది రాసి చేతులు కాల్చుకున్నవాణ్ణి నేను.

మాది రాజమండ్రి. మోడెమ్ బ్రిడ్జ్ మోడ్‌లో ఉంటుంది, అంటే లాగిన్ అది చేయదు, డయల్ చేసేది నా పాత డెబియన్ లైనక్స్ కంప్యూటర్. ఒక వేసవి రాత్రి గాలివానకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కనుక మా పెట్టె నిలబడింది, ఎక్స్ఛేంజి నిలబడలేదు. తెల్లారేసరికి మోడెమ్ దీపం నిలకడగా వెలుగుతోంది, నెట్ మాత్రం లేదు. లాగ్ చూస్తే, ఈ కనెక్షన్‌ను నడిపే ప్రోగ్రాం పీపీపీడీ 10 సార్లు ప్రయత్నించి తప్పుకుంది. తెగితే మళ్లీ డయల్ చేయమనే ‘పర్సిస్ట్’ సెట్టింగు పెట్టాను కదా అని నా ధీమా. వరుసగా ఎన్నిసార్లు విఫలమైతే మానుకోవాలో చెప్పే ‘మ్యాక్స్‌ఫెయిల్’ సంగతి మాన్యువల్‌లోనే ఉంది, మనం చదివితే కదా! చదవకుండా స్క్రిప్టు రాశాను, అందులోనూ ప్రోగ్రాంను ఉన్నపళంగా చంపేసే కిల్ మైనస్ 9తో.

మా మేనకోడలి ఎంసెట్ వెబ్ ఆప్షన్లకు చివరి రోజు లైను ఒక్క క్షణం తెగింది. స్క్రిప్టు లేచి పీపీపీడీని చంపింది. అలా చంపితే అవతలి నెట్ కంపెనీకి వీడ్కోలు కబురు వెళ్లదు, పాత సెషన్ బతికే ఉందని వాళ్ల లెక్క, కొత్త లాగిన్‌ను తిప్పికొడతారు. ఎప్పుడైనా లోపలికి రానిచ్చినా, పింగ్ అందేలోపే మరో నిమిషం గడిచి స్క్రిప్టు మళ్లీ చంపేది. నలభై నిమిషాలు ఇదే తంతు. వెనక నిలబడిన మా అక్క, “నెట్ సెంటర్‌కు వెళ్లిపోమంటావా తమ్ముడూ?” అంది. “ఒక్క నిమిషం అక్కా” అన్నాను, అయిదోసారి. వాళ్లు ఆటో ఎక్కాక క్రాన్ లైను తీసేసి, కాఫీ తాగి వచ్చి చేత్తో డయల్ చేస్తే కలిసింది.

పీపీపీడీ సెట్టింగుల్లో పర్సిస్ట్, మ్యాక్స్‌ఫెయిల్ 0 (ఎన్నిసార్లు విఫలమైనా మానుకోదు), హోల్డాఫ్ 30 (మళ్లీ డయల్ చేసేముందు ఆగే సెకన్లు), ఎల్‌సీపీ ఎకో ఇంటర్వెల్ 20 (ఇన్ని సెకన్లకోసారి అవతలిని పలకరిస్తుంది), ఎకో ఫెయిల్యూర్ 3 (ఇన్ని పలకరింపులకు జవాబు లేకపోతే లైను పోయినట్టు). ఇవి చాలు. లైను చచ్చిన సంగతి నిమిషంలో పీపీపీడీకే తెలుస్తుంది. పింగ్ వెళ్తూ కొన్ని పేజీలు మాత్రం సగంలో ఆగిపోతుంటే అది వేరే జబ్బు: ఈథర్నెట్ ఇచ్చే 1500 బైట్లలో 8 పీపీపీఓఈ తినేస్తుంది, ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492 పెట్టాలి. ఆ పెట్టె వెనక వేరే కంప్యూటర్లుంటే ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్) ఎంఎస్ఎస్ (ఒక్కో టీసీపీ ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితి) కూడా తగ్గించాలి.

ఇవన్నీ సర్దాక కూడా రోజూ తెగుతుంటే ఫిర్యాదు చేశాను. వచ్చిన లైన్‌మన్ “విండోస్ పెట్టుకోండి సార్, పోతుంది” అన్నాడు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లి జాయింటు చూపించాను. రెండు రాగి తీగలు మెలిపెట్టి ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టారు, లోపలంతా పచ్చటి చిలుము. మారుమాట్లాడకుండా కత్తిరించి కొత్తగా కలిపాడు.

సెట్టింగుల మీద పడేముందు మీరూ ఒకసారి డాబా ఎక్కి చూడండి.