రెండో రోజు ముక్కు కారింది జలుబు వల్ల కాదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్ళు, ఖమ్మం దగ్గర టైల్స్ పని చేస్తా. మూడేళ్ళ కింద నడుములో డిస్క్ జారిందని చెప్పి ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన టాబ్లెట్ రోజుకి రెండు రాశారు, పది రోజులకే. పని మానలేక నేనే కొనుక్కుంటూ వచ్చా, రెండు నాలుగయ్యాయి, ఇప్పుడు ఎనిమిది. ఆర్నెల్ల కింద దిగులుగా ఉందంటే ఇంకో డాక్టర్ ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు, ఈ ఎనిమిది సంగతి ఆయనకి చెప్పలా. మొన్న అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మందు సిగరెట్ ఎలాగూ మానేశాం కదా ఇవి కూడా మానేద్దామని ఒక్కసారే ఆపేశా. రెండో రోజు నుంచి ఒకటే ఆవలింతలు, ముక్కు కారడం, విరేచనాలు, రాత్రంతా కాళ్ళు లాగడం, తలలో కరెంట్ కొట్టినట్టు జివ్వుమనడం. చన్నీళ్ళ స్నానానికి జలుబు చేసిందిలే అన్నారు గురుస్వామి. మూడో రోజు ఒక టాబ్లెట్ వేసుకుంటే గంటలో అన్నీ పోయాయి. అప్పుడు అర్థమైంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. నేను డ్రగ్స్ మనిషినైపోయానా?
- ఖమ్మం జిల్లా పాఠకుడు

జవాబు: ముందు ఆ గంట సంగతి. జలుబైతే నొప్పి బిళ్ళతో గంటలో విరేచనాలు కూడా కట్టుకోవు కదా, మీ ఒంట్లో ఏం జరుగుతోందో మీరే కనిపెట్టేశారు. ట్రమడాల్ అనేది నల్లమందు జాతి పనిచేసే చోటే పనిచేసే మందు, మెదడులో అదే తాళం. మూడేళ్ళు రోజూ వేస్తే ఒళ్ళు దానికి సర్దుకుని కూర్చుంటుంది, ఒక్కసారి లాగేస్తే సర్దుకున్నదంతా ఎదురు తిరుగుతుంది. దాన్నే విత్‌డ్రాయల్ అంటాం. సాధారణంగా చివరి మాత్ర తర్వాత 12 నుంచి 24 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకి బాగా ముదిరి, వారం పది రోజుల్లో చాలావరకు దిగుతుంది, నిద్ర, దిగులు మాత్రం కొన్ని వారాలు సతాయిస్తాయి.

తలలో కరెంట్ కొట్టడం ఉంది చూశారూ, అది ట్రమడాల్ ప్రత్యేకత. ఇది నొప్పి మందే కాదు, డిప్రెషన్ మాత్రల్లాగా సెరొటోనిన్, నారడ్రినలిన్ మీద కూడా పనిచేస్తుంది, కాబట్టి ఆపితే రెండు రకాల మందులు ఒకేసారి ఆపినట్టు. మీరేమో దానికి తోడు ఎస్సిటలోప్రామ్ కూడా వేస్తున్నారు. ఈ రెండూ కలిస్తే సెరొటోనిన్ ఎక్కువై ఒళ్ళు వణకడం, జ్వరం, గుండె దడ, కంగారు రావచ్చు, ఫిట్స్ వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ట్రమడాల్ ఒక్కటే రోజుకి 400 మిల్లీగ్రాములు దాటితే ఫిట్స్ ముప్పు బాగా ఎక్కువ. మాత్రకి 37.5 చొప్పున మీ ఎనిమిదిలో 300 ఉంది, పని ఎక్కువైన రోజు ఇంకో మూడు మింగితే దాటేస్తారు. పారాసెటమాల్ కూడా లెక్కేసుకోండి, 325 చొప్పున ఎనిమిదికి 2600, పైన జ్వరం బిళ్ళ, జలుబు బిళ్ళ కలిస్తే లివర్ మీద పడుతుంది, మందు తాగే వాళ్ళకి మరీను. మాల తీసేశాక మళ్ళీ ఆదివారాల తాగుడు మొదలైతే దయచేసి దాన్ని ఈ టాబ్లెట్లతో కలపొద్దు, ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు అసలొద్దు, ఊపిరి మందగించి నిద్రలోనే ప్రాణం మీదకొస్తుంది.

డ్రగ్స్ మనిషినా అన్నారు. ఒళ్ళు అలవాటు పడటం వేరు, వ్యసనం వేరు. మొదటిది చెప్పినట్టే వేసుకున్న కేన్సర్ పేషెంట్‌కి కూడా వస్తుంది, అందులో సిగ్గుపడేదేం లేదు. కానీ మీరే డోసు పెంచుకోవడం, డాక్టర్ దగ్గర దాచడం, ఇంట్లో దాచడం ఇవి రెండో దాని వైపు జరుగుతున్న గుర్తులు, గీతకి ఏ పక్క ఉన్నారో ఉత్తరం చూసి నేను తేల్చలేను. ఏ పక్కన ఉన్నా చికిత్స మొదలయ్యేది ఒక్క చోటే, నిజం చెప్పడం దగ్గర.

ఇకనుంచి ఒక్కసారే ఆపొద్దు. అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2019 ఏప్రిల్‌లో డాక్టర్లకి ఇదే హెచ్చరిక చేసింది, ఈ జాతి మందులు హఠాత్తుగా ఆపితే తట్టుకోలేని నొప్పి, ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్తున్నారని. ఏడాది దాటి వాడినవాళ్ళకి నెలకి పదో వంతు చొప్పున దించడం మామూలు పద్ధతి. మీ లెక్కలో ఎనిమిదిలో ఒకటి తీస్తే 12 శాతం, కొంచెం ఎక్కువే కానీ నెల ఆగి ఇంకోటి తీస్తే చాలామంది తట్టుకుంటారు. చిక్కంతా చివర్లో వస్తుంది. ఎనిమిది నుంచి ఏడంటే చిన్న మెట్టు, రెండు నుంచి ఒకటంటే సగానికి సగం, చాలామంది జారేది అక్కడే, అందుకని అక్కడ ఇంకా చిన్న డోసులతో దించాలి. ఎంత, ఎప్పుడు అనేది మీ డాక్టర్ చెప్పాలి, ఎస్సిటలోప్రామ్ సంగతి కూడా ఆయనే చూస్తారు, దాన్నీ మీరే టక్కున ఆపకండి. ఒక మెట్టు మీద ఇబ్బంది పడితే అక్కడే నెల ఎక్కువ ఉంటారు, నష్టం లేదు. చెమటలు, కాళ్ళు లాగడం తగ్గడానికి క్లోనిడిన్ లాంటివి ఉన్నాయి, బీపీ పడిపోతుంది కాబట్టి చూసి ఇస్తారు. దించడం కుదరకపోతే నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ ఉంది, అది డీఅడిక్షన్ డాక్టర్లు చూసుకుంటారు.

ఇంకోటి, ఇది అందరికీ చెప్పాలి. తగ్గించేటప్పుడు నడుము నొప్పి రెట్టింపైనట్టుంటుంది, డిస్క్ మళ్ళీ జారిందేమో అనుకుని మాత్ర మింగేస్తారు. అది చాలావరకు డిస్క్ కాదు, మందు వదులుతుంటే ఒళ్ళంతా నొప్పికి సున్నితమవుతుంది, ఎన్నేళ్ళో వాడితే ఈ మందే నొప్పిని పెంచడం కూడా ఉంది. కాలు తిమ్మిరెక్కి బలం పోవడం, మూత్రం తెలియకుండా పోవడం ఉంటే మాత్రం ఆగకుండా వెళ్ళండి, అది వేరే సంగతి. ఒకవేళ కొన్నాళ్ళు మానేసి మళ్ళీ మొదలెట్టాల్సొస్తే పాత ఎనిమిది వేయకండి, ఒళ్ళు ఆ డోసు మర్చిపోయి ఉంటుంది.

ఎక్కడికెళ్ళాలంటే, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి. పిచ్చి డాక్టర్ దగ్గరకా అనకండి, ఎవరు చూశారని. హైదరాబాద్ వస్తే ఎర్రగడ్డ ఉంది, వరంగల్ ఎంజీఎం ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. పోలీసులనే భయం ఉందేమో, 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం, కిందకి తెచ్చిన మాట నిజమే, చీటీ లేకుండా మీకు అమ్ముతున్న షాపు వాడిది తప్పు, కానీ చికిత్సకి వెళ్ళడం నేరం కాదు, మీ వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ హక్కు. పది రోజులకని రాసిన చీటీ మూడేళ్ళు నడిచిందంటే, నా కోపం మీ మీద కంటే ఆ కౌంటర్ మీదే ఎక్కువ.

మీ ఆవిడకి చెప్పండి. డబ్బా ఆమె దగ్గరుంటే ఆ రోజువి ఆ రోజు ఇస్తుంది, సగం పని అయిపోతుంది. వచ్చే ఏడు మాలకి మాత్రం మందులాపడం పెట్టుకోకండి స్వామీ, డాక్టర్ రాసిన మాత్ర వేసుకుంటే దీక్ష చెడదు.

ప్రశ్న: మా అమ్మకి 66, మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లం ఏడాదిగా వేసుకుంటోంది. ఆపితే ఇలాగే అవుతుందా?
- నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: పొట్లంలో ఏముందో తెలిస్తేనే చెప్పగలం అమ్మా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ రకమైతే ఆపినా ఇలాంటి ఒణుకుడు ఏం ఉండదు, వాటి గొడవ కిడ్నీ, కడుపులో పుండు, బీపీతో, క్రియాటినిన్ టెస్ట్ చేయించండి. కానీ పొట్లాల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలుపుతారు. అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బిందా, ఒంటి మీద ఊరికే నల్లగా కమిలిపోతోందా, షుగర్ కొత్తగా వచ్చిందా చూడండి. స్టెరాయిడైతే అకస్మాత్తుగా ఆపితే బీపీ పడిపోయి మనిషి కూలబడొచ్చు, దాన్నీ మెల్లగానే దించాలి. మిగిలిన పొట్లాల్లోంచి ఒకటి దాచి ఫిజిషియన్ దగ్గరకి పట్టుకెళ్ళండి, పారేయకండి.