పంటి పొరలు లెక్కపెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

స్పెర్మ్ తిమింగలం వయసు దాని పంటి పొరలు లెక్కపెట్టి చెబుతాం. అయినా పన్ను చేతికి రాగానే రంపం అందుకోకు. ముందు ఫొటో తీసి, కొలిచి, దవడలో అది ఎన్నో పన్నో రాసిపెట్టు. కోత కొన నుంచి మొదలు దాకా నిలువుగా, సరిగ్గా నడిమికి పడాలి. పక్కకు జరిగితే కొన్ని పొరలు కలిసిపోయి లెక్క తప్పుతుంది. వజ్రపు బ్లేడును మెల్లగా, నీళ్లు పడేలా తిప్పు. వేడెక్కితే పంటిలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పాడవుతుంది.

ఒక సగం లెక్కకు. రెండోది రసాయన పరీక్షకు, దానికి ఆమ్లం తగలనివ్వకు. లెక్కకు ఉంచిన సగాన్ని నున్నగా సానబట్టి, 10 శాతం ఫార్మిక్ ఆమ్లంలో 30 గంటలు ఉంచి, బాగా కడిగి, నిదానంగా ఆరబెట్టు. తొందరపడితే పగులుతుంది. ఆరాక పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే గట్లు నల్లగా తేలతాయి.

మొదట పుట్టుక గీతను, అంటే పుట్టినప్పుడు పంటిలో పడే గీతను, పట్టుకో. దానికి బయట ఉన్నది తల్లి కడుపులో ఏర్పడిన డెంటిన్ (పంటిలోని గట్టి పదార్థం), లోపలిది పుట్టాక చేరింది. ఏడాదికి ఒక పొరల గుంపు. గుంపులోని సన్న గీతలను ఏళ్లుగా లెక్కపెట్టడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. బెలూగాలకు (తెల్ల తిమింగలాలకు) ఏడాదికి రెండు గుంపులని చాలాకాలం అనుకున్నారు. అణుబాంబు పరీక్షల వల్ల సముద్రంలో చేరి, పళ్లలో నిలిచిన రేడియో కార్బన్ ఆధారంగా ఒకటేనని 2006లో తేలాక వాటి వయసులు రెట్టింపయ్యాయి. కొన అరిగి పుట్టుక గీత పోయినా, లోపలి పల్ప్ గది (పంటి నడిమి బోలు) మూసుకుపోయినా 'కనీసం ఇన్నేళ్లు' అనే రాయి. జంతువు పొడవు చూడకుండా, రోజుల తేడాతో మూడుసార్లు లెక్కించు.

ఇక రసాయన పరీక్షకు ఉంచిన సగం సంగతి. ఎముకలా డెంటిన్ మళ్లీ మళ్లీ కరిగి కట్టుకోదు. అందుకే ఏ ఏటి తిండి గుర్తు ఆ ఏటి పొరలోనే నిలుస్తుంది. పాలు తాగే పిల్ల తల్లి ఒంటినే తింటున్నట్టు లెక్క, కాబట్టి తొలి పొరల్లో నత్రజని-15 ఎక్కువ (ఇది నత్రజనిలో బరువైన రకం, తినే జంతువులో దాని తిండిలో కన్నా ఎక్కువగా ఉంటుంది). పాలు మానేకొద్దీ తగ్గుతుంది. పొరల్లో కార్బన్-13 (కార్బన్‌లో బరువైన రకం) తగ్గితే మాత్రం జంతువు చోటు మారిందని వెంటనే అనకు. బొగ్గు, చమురు మండించడం వల్ల సముద్రంలోనే దాని వాటా తగ్గుతోంది. ఆ సవరణ చేశాకే మాట్లాడు. కొల్లాజెన్‌లో కార్బన్, నత్రజని నిష్పత్తి 2.9 నుంచి 3.6 లోపు లేకపోతే ఆ నమూనా పారేయి. ముసలి జంతువు పొరలు సన్నం. నమూనా పొడి తీసే డ్రిల్ ఒక్క గుంటలో రెండు మూడేళ్లు కలిపేస్తే, ఆ అంకెను ఒక్క ఏటికి అంటగట్టకు.

ఒక్క పంటిలో వింత గీత కనిపిస్తే అది ఆ జంతువు జబ్బు కావచ్చు, పిల్లను కనడం కావచ్చు. పెరూ తీరపు డస్కీ డాల్ఫిన్ల పళ్లలో 1982-83 ఎల్ నినో (పసిఫిక్ సముద్రపు నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం) జాడ దొరికింది. అలాంటి మాట అనాలంటే వేర్వేరు జంతువుల్లో అదే ఏటి పొర అదే తీరుగా మారి ఉండాలి.