ఎన్నారై సందేహాలు: ఎడారి దిబ్బల్లో తొలిసారి బండి దించేముందు

"అన్నా, దుబాయ్ వచ్చి ఏడాది దాటింది. లైసెన్స్ వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో ప్రాడో తీసుకున్నాను. ఆఫీసులో వాళ్లు శనివారం బదాయర్ ఇసుకదిబ్బలకు వెళ్దాం రమ్మంటున్నారు. ఫోర్ బై ఫోర్ కదా, వెళ్లిపోవచ్చా?"

అక్టోబర్ దాటి ఎండ కాస్త తగ్గగానే మనవాళ్ల దగ్గర్నుంచి ఈ ప్రశ్న మొదలవుతుంది. షార్జాలో ఉన్నా అబుదాబిలో ఉన్నా అడిగేది ఇదే.

తప్పకుండా వెళ్లండి. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి ఆఫీసు, ఫ్లాటు, మాల్ తప్ప ఇంకేమీ చూడకుండా తిరిగి వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కాకపోతే బండి సంగతి తర్వాత. ముందు అడగాల్సింది, ఎవరితో వెళ్తున్నారని. ముందు నడిపించేది ఎవరు? అందరికంటే వెనక వచ్చేది ఎవరు? ఈ రెండింటికీ పేర్లు పెట్టి జవాబు చెప్పగలిగితే బయల్దేరండి. "అందరం కలిసి వెళ్తున్నాం లే" అంటే మాత్రం ఈ వారానికి ఆగండి. నాలుగు బండ్లలో నలుగురూ కొత్తవాళ్లే అయితే దాన్ని గ్రూపు అనలేం. ఒక బండి దిగబడితే తీయడానికి వెళ్లిన రెండోదీ దిగబడుతుంది.

ఇక్కడ డబ్బు తీసుకోకుండా నేర్పే ఆఫ్‌రోడ్ క్లబ్బులు చాలానే ఉన్నాయి. నడిపించేవాళ్లందరూ వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సెలవు రోజున స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. మొదటి స్థాయిని న్యూబీ అంటారు, దాని పైది ఫ్యూబీ, ఆ తర్వాత ఇంటర్మీడియెట్. మీరు న్యూబీ డ్రైవ్‌లకే పేరు ఇవ్వండి. ఊళ్లో ఇరవై ఏళ్లు జీపు నడిపినా, ఘాట్ రోడ్ల మీద రాత్రిళ్లు తిరిగినా ఇసుకలో అందరూ న్యూబీలే. 2022 జనవరి నుంచి వారాంతం శని, ఆదివారాలకు మారింది కాబట్టి డ్రైవ్‌లు ఎక్కువగా ఆ రెండు రోజుల్లోనే, తెల్లవారుజామునే పెడతారు. ఆ వేళ పెట్టడానికి కారణం ఉంది. రాత్రి చల్లదనానికి ఇసుక కాస్త గట్టిపడి ఉంటుంది. సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి దిబ్బల నీడలు పడి ఎత్తుపల్లాలు కంటికి ఆనతాయి. మిట్టమధ్యాహ్నం అంతా ఒకే రంగులో కలిసిపోయి, ముందున్న గుంట కూడా కనపడదు. ఇసుకా వదులవుతుంది. డిసెంబర్, జనవరిలో పొద్దున్నే దట్టమైన పొగమంచు పడుతుంది, రోడ్డు మీద కూడా జాగ్రత్తగా వెళ్లండి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఎండ 45 డిగ్రీలు దాటిపోయే రోజుల్లో కొత్తవాళ్లు అటు పోవద్దు.

ఇక బండి. నిజమైన ఫోర్ బై ఫోర్ కావాలి: ప్రాడో, ల్యాండ్ క్రూయిజర్, ప్యాట్రోల్, పజేరో, ఎఫ్‌జే క్రూయిజర్, ర్యాంగ్లర్ లాంటివి. పెద్ద బండిలా కనిపించే ఏడబ్ల్యుడీ (ఆల్ వీల్ డ్రైవ్) క్రాసోవర్లు మెత్తటి ఇసుకలో ఎక్కువసేపు నిలవవు. టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, ఒకసారి చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైర్లయితే ముందు మార్పించండి. సెకండ్ హ్యాండ్ బండికి పెద్ద పెద్ద అలాయ్ వీల్స్, సన్నటి టైర్లు ఉంటే అందంగానే ఉంటాయి గానీ ఇసుకలో పనికిరావు. గాలి తగ్గించాక అవి రిమ్ నుంచి ఇట్టే ఊడివస్తాయి.

ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవండి. "కాంప్రిహెన్సివ్ ఉందిలే" అనుకుంటే కుదరదు. ఆఫ్‌రోడ్ కవర్ ఉందని పాలసీలో రాసి ఉండాలి. లేకపోతే ఫోన్ చేసి అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి. ఈ దేశంలో పోలీసు రిపోర్టు లేకుండా ఏ గ్యారేజీ వాళ్లూ దెబ్బ తగిలిన బండిని ముట్టుకోరు, అదీ గుర్తుంచుకోండి. అద్దె కార్లతో అసలు దిగవద్దు. ఇసుకలోకి తీసుకెళ్లకూడదని అద్దె ఒప్పందాల్లో సాధారణంగా రాసే ఉంటుంది.

వెంట ఉండాల్సినవి: ఫుల్ ట్యాంక్ పెట్రోలు, మనిషికి కనీసం ఐదు లీటర్ల నీళ్లు, పార, గాలి గేజ్, చిన్న కంప్రెసర్, లాగే తాడు, దాన్ని బండికి తగిలించే ఇనుప షాకిల్స్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, వాకీటాకీ, బండి మీద ఎత్తుగా కట్టే జెండా. జెండా అలంకారం కోసం కాదు. దిబ్బకి అవతలి వైపు నుంచి ఇంకో బండి ఎక్కి వస్తుంటే ముందుగా కనిపించేది అదొక్కటే. లోపల సీసా, టిఫిన్ డబ్బా, లాప్‌టాప్ బ్యాగు ఏదీ వదులుగా ఉండకూడదు. బండి ఎగిరినప్పుడు అవి తలకి తగులుతాయి.

బదాయర్ అంటే దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారిలో షార్జా వైపు ఉన్న ఎర్రదిబ్బల ప్రాంతం. అందరూ బిగ్ రెడ్ అనే దాదాపు 100 మీటర్ల దిబ్బ అక్కడిదే. దాని చుట్టూ సెలవు రోజున బగ్గీలు, బైకులు ఎటు నుంచి ఎటు వస్తాయో తెలియదు కాబట్టి కొత్తవాళ్లకి ఆ పెద్ద దిబ్బ వద్దు. దానికి దూరంగా చిన్న చిన్న దిబ్బలు బోలెడున్నాయి. ఫాసిల్ రాక్, ఫాయా వైపు కూడా న్యూబీ డ్రైవ్‌లు పెడతారు. అబుదాబి ఎమిరేట్ దక్షిణాన ఉన్న లివాలో 300 మీటర్ల మొరీబ్ దిబ్బ వీడియోలు చూసి మొదటి నెలలోనే అక్కడికి పోదామనే వాళ్లున్నారు. అది రుబ్ అల్ ఖాలీ అనే మహా ఎడారి అంచు. లోపలికి పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు, పైన గట్టిగా కనిపించే సబ్ఖా ఉప్పుపర్ర కింద బురద ఉంటుంది. దానికి తొందరపడకండి.

రోడ్డు దిగగానే మొదటి పని గాలి తీయడం. 35 పీఎస్ఐ ఉన్న టైరుని 15కి తెస్తారు, ఇసుక బాగా మెత్తగా ఉంటే 12. టైరు చప్పబడి, నేలని తాకే భాగం పొడవుగా సాగి, బండి ఇసుక మీద తేలుతుంది. నాలుగు టైర్లూ ఒకేలా ఉండాలి, ఒకటి 15, ఒకటి 18 అయితే బండి పక్కకి లాగుతుంది. గేజ్‌తో రెండేసి సార్లు చూడండి. గాలి తగ్గించిన టైరుతో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు. అలా తిప్పితే టైరు రిమ్ నుంచి జారిపోతుంది, దాన్నే పాప్ అవుట్ అంటారు. ఆ తర్వాత ఫోర్ వీల్ వేసి, ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి. చాలా బండ్లలో బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే గానీ పూర్తిగా ఆగదు. అది ఆగకపోతే సరిగ్గా దిబ్బ మధ్యలో, బలం కావాల్సిన చోట, ఇంజన్ తానే నీరసపడిపోతుంది.

కాన్వాయ్‌లో కొత్తవాళ్లని లీడ్ (ముందు నడిపించే బండి) వెనకే పెడతారు, అనుభవం ఉన్నవాళ్లు వెనక ఉంటారు. అందరికంటే చివర వచ్చే బండి స్వీప్. ముందు బండి వేసిన చక్రాల జాడలోనే వెళ్లండి. రెండు మీటర్లు పక్కన ఏముందో మీకు తెలియదు, లీడ్‌కి తెలుసు. అద్దంలో వెనక బండి కనిపిస్తోందా లేదా అని చూస్తూ ఉండండి. కనిపించకపోతే రేడియోలో చెప్పి ఆగండి. అలా ఒక్కొక్కరూ తన వెనకవాడిని చూసుకుంటే ఎవరూ తప్పిపోరు. ముందు బండి దిబ్బ దాటి, "క్లియర్" అని వినపడేదాకా మీరు ఎక్కడం మొదలుపెట్టొద్దు. ఒకే దిబ్బ మీద రెండు బండ్లు ఉండకూడదు. పైది జారితే కింది దాని మీదకే వస్తుంది. ఈ ఒక్క నియమం విషయంలో డ్రైవ్ నడిపించే మార్షల్ కోప్పడితే బాధపడకండి, ఆయన కోప్పడాల్సిందే.

అందరూ ఎక్కడం నేర్చుకోవాలనే వస్తారు. నన్నడిగితే ముందు ఆగడం నేర్చుకోండి. ఇసుకలో గట్టిగా బ్రేకు వేస్తే ముందు చక్రాల ఎదుట ఇసుక గుట్టలా పేరుకుంటుంది, మళ్లీ కదలడం కష్టం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే చాలు, బండి దానంతటదే ఆగుతుంది. ఆగేచోటు కూడా చూసుకోవాలి: ఎప్పుడూ ముందువైపు కిందికి వాలి ఉన్న చోట. అక్కడైతే బయల్దేరడానికి బండి బరువే సాయం చేస్తుంది. ఎత్తు మీదకి ముక్కు పెట్టి ఆగినవాళ్లే ఎక్కువగా దిగబడేది.

దిబ్బ ఎక్కేటప్పుడు ఊపు కింది నుంచే రావాలి, మధ్యలో కంగారుపడి ఎక్కువ తొక్కితే చక్రం తవ్వుకోవడం తప్ప లాభం లేదు. ఎక్కలేకపోతున్నామని తెలిసిన క్షణమే కాలు తీసి, రివర్స్ వేసి, వచ్చిన జాడలోనే తిన్నగా వెనక్కి దిగండి. స్టీరింగ్ తిప్పి పక్కకి మళ్లిద్దామని మాత్రం చూడొద్దు. బండ్లు దొర్లేది ఎక్కువగా అక్కడే. పక్కవాటంగా వెళ్తుండగా బండి జారుతున్నట్టు అనిపిస్తే స్టీరింగ్ కిందివైపుకే తిప్పి, కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి దిగిపోండి. మనసు పైకి తిప్పమంటుంది, ఆ మాట వినకండి.

అంచు దాటడం అన్నిటికన్నా సున్నితమైన పని. గాలి వచ్చే వైపు దిబ్బ ఏటవాలుగా ఉంటుంది, రెండో వైపు ఇసుక జారి జారి 30 డిగ్రీలు దాటిన వాలు ఏర్పడుతుంది. ఎక్కుతుంటే చివర్లో అద్దం నిండా ఆకాశమే కనిపిస్తుంది, బానెట్ అవతల ఏముందో తెలియదు. అక్కడ వేగం దాదాపు చచ్చిపోవాలి. ముందు చక్రాలు అంచు దాటగానే బండి నెమ్మదిగా ముందుకి ఒరుగుతుంది, సీటు బెల్టు ఛాతీకి బిగుస్తుంది, అప్పుడు నేల కనిపిస్తుంది. తిన్నగా, అడ్డం తిరగకుండా దిగాలి. వేగంగా వచ్చి ఎగిరితే బంపరు మీద పడతారు, మరీ నెమ్మదించి అంచు మీదే ఆగితే బండి పొట్ట ఇసుక మీద ఆని నాలుగు చక్రాలూ పట్టు కోల్పోతాయి. రెండోది జరిగితే టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు, పార తీసుకుని దిగడమే.

దిగబడితే యాక్సిలరేటర్ తొక్కడం ఆపండి. దమ్ము చేలో కూరుకున్న ట్రాక్టర్‌లాగే తిప్పినకొద్దీ లోపలికి పోతుంది. రేడియోలో చెప్పండి, దిగి పొట్ట కింద ఇసుక లాగేయండి, చక్రాల ముందు వాలుగా దారి చేయండి, గాలి 10కి తగ్గించండి. ఎక్కువసార్లు తాడు లేకుండానే వస్తుంది. తాడు కట్టాల్సి వస్తే ఛాసిస్‌కి బిగించిన రికవరీ పాయింట్‌కే కట్టాలి. వెనక ట్రైలర్ తగిలించే టో బాల్‌కి కడితే, ఆ ఉక్కు గుండు తెగి అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకొస్తుంది. మనుషులు చనిపోయిన ప్రమాదం ఇది. లాగేటప్పుడు మిగతా అందరూ తాడు పొడవు కంటే దూరంగా నిలబడాలి, ఫోటోల కోసం దగ్గరికి రావద్దు.

ఎవరికైనా దెబ్బ తగిలితే పోలీసు 999, అంబులెన్సు 998. ఫోన్‌లోని మ్యాప్‌లో మీరున్న చోటి అక్షాంశ రేఖాంశాలు ఎలా చూడాలో ముందే నేర్చుకోండి. ఎడారిలో చెప్పడానికి వేరే అడ్రసు ఉండదు.

ఇంట్లోవాళ్ల విషయం. మొదటి కొన్ని డ్రైవ్‌లు ఒక్కరే వెళ్లండి. గర్భిణులు, నడుము, మెడ నొప్పులున్నవాళ్లు ఎప్పుడూ వద్దు. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఎడారి చూపించాలని ఉంటుంది, చూపించండి, రోడ్డు పక్కనుంచే సాయంత్రం పూట ఎంతో బాగుంటుంది. పిల్లలని ఒళ్లో కూర్చోబెట్టుకుని దిబ్బలు ఎక్కించడం మనవాళ్లలోనే ఎక్కువగా చూస్తున్నాను. దయచేసి మానేయండి. నాలుగేళ్లలోపు పిల్లలకి చైల్డ్ సీటు ఇక్కడి చట్టం కూడా.

దిబ్బల మధ్య అక్కడక్కడా ఒంటరిగా కనిపించే పచ్చటి చెట్టు ఘాఫ్. మనం దసరాకి పూజ చేసే జమ్మి అదే, తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. ఇక్కడ అది జాతీయ వృక్షం, కొట్టడం నేరం. దాని నీడలో పులిహోర తినండి, కొమ్మ విరవకండి, పేపర్ ప్లేట్లు వదిలి రాకండి. కంచె కనిపిస్తే అది అభయారణ్యమో ఒంటెల ఫారమో అయి ఉంటుంది, చుట్టూ తిరిగి పొండి. ఒంటెల మంద ఎదురైతే ఇంజన్ నెమ్మదించి దారివ్వండి.

బయటికి వచ్చాక, ఎంత అలిసిపోయినా, నాలుగు టైర్లలోనూ మళ్లీ పూర్తిగా గాలి నింపిన తర్వాతే హైవే ఎక్కండి. 15 పీఎస్ఐతో 100 వేగంలో పోతే టైరు వేడెక్కి పేలిపోతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆన్ చేయండి, ఫోర్ వీల్ తీసేయండి, వీల్ నట్లు ఒకసారి బిగించండి, జెండా దించండి. ముందు నంబర్ ప్లేటు ఇసుకలో ఊడిపోకుండా పొద్దున్నే తీసి లోపల పెట్టి ఉంటారు కదా, దాన్ని మళ్లీ బిగించాకే రోడ్డు మీదకి రండి.